‘టర్న్ అప్’: తెలిసిన రెండు మాటలు, తెలియని మూడవ మాట



కొన్ని ఏండ్ల క్రిందట, ఒకనాటి సాయంకాలము, కోవూరిలో మేము మా యింటి అరుగుమీద కూర్చుండి యుండగా, మాకు చిరకాలముగా తెలిసిన ఒక రైతు తన కుమారుని వెంటబెట్టుకొని వచ్చెను. కుర్రవాడు ఆ యేడే డిగ్రీ పరీక్షలో ఉత్తీర్ణుడయ్యెను. అతని చేతిలో నాలుగు మడతలు పడిన ఇంగ్లీషు ఉత్తరమొకటి ఉన్నది. పట్టణములోని ఒక కార్యాలయమునకు అతడు పంపిన దరఖాస్తుకు వచ్చిన ప్రత్యుత్తరమది.

“అయ్యా, ఈ జాబు వచ్చి మూడు నెలలాయె. పిలుస్తామని రాసుండారు గదా అని కాచుకోనుండాం. ఇంతవరకు పిలుపు రాలా. ఒకసారి చూసి చెప్పండి” అని తండ్రి జాబును మా చేతికిచ్చెను.

ఉత్తరము నాలుగు పంక్తులే. మీ దరఖాస్తు అందినది, ప్రస్తుతము మా యొద్ద ఖాళీలు లేవు అని మొదటి రెండు పంక్తుల సారాంశము. మూడవ పంక్తి యిది: ‘ఇఫ్ ఎనీథింగ్ టర్న్స్ అప్, వుయ్ షల్ లెట్ యు నో.’ నాలుగవది చేవ్రాలు.

కుర్రవాడు బుద్ధిమంతుడు. మాట తెలియకున్నచో నిఘంటువు చూడవలెనని ఎరిగినవాడు. చూచెను కూడ. టర్న్ అనగా తిరుగుట. అప్ అనగా పైకి. రెంటిని కలుపుకొని, తన కాగితములు పై అధికారులకు పోయినవనియు, అవి అక్కడినుండి తిరిగి రాగానే తనకు కబురు చేయుదురనియు అర్థము చేసికొనెను. ఇంటిల్లిపాదియు అట్లే నమ్మిరి. ఆ నమ్మికతో, ఊరిలోనే ఒక బియ్యపు మిల్లులో లెక్కలు వ్రాయు పని రాగా, పట్టణమునుండి పిలుపు రానున్నదని చెప్పి దానిని వదలుకొనిరి.

మేము జాబును రెండు మార్లు చదివి, ఇందులో పిలుపు మాట లేదని మెల్లగా చెప్పితిమి. “ఏదైనా తటస్థించినచో తెలియజేయుదుము అని మాత్రమే వ్రాసినారు. తటస్థింపవచ్చును, తటస్థింపకపోవచ్చును” అంటిమి. తండ్రి కొంతసేపు ఏమియు పలుకలేదు. పిమ్మట కుమారుని వంక చూచి, “రెండు మాటలు గదరా అబ్బయా, రెండూ నీకు తెలిసినయ్యే గదా” అనెను.

ఆ మాట మా మనస్సున నాటుకొనినది. నిజమే, రెండును తెలిసిన మాటలే. తెలిసిన రెండు మాటలు కలిసి తెలియని మూడవ మాట ఎట్లగును? ఆ సంగతినే నేడు మీతో ముచ్చటింపదలచినాము.

ఇంగ్లీషులో ఒక క్రియ వెనుక అప్, డౌన్, ఇన్, ఔట్, ఆఫ్ వంటి చిన్న మాట చేరి, రెంటికిని లేని క్రొత్త అర్థమును పుట్టించుట కలదు. ఇట్టివానిని ఫ్రేజల్ వెర్బ్ అందురు. మనము ఈ పూటకు జంటక్రియ అని పిలుచుకొందము. ఈ చిక్కు మన కోవూరి కుర్రవానికి మాత్రమే కలిగినది కాదు. 1755లో ప్రఖ్యాతమైన ఆంగ్ల నిఘంటువును వెలువరించిన శామ్యూల్ జాన్సన్ పండితుడు, ఈ జంటక్రియలే విదేశీయులకు మిక్కిలి కష్టము కలిగించునని తన పీఠికలో ఒప్పుకొనెను. ఫ్రేజల్ వెర్బ్ అను పేరు 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ ప్రకటించిన ‘వర్డ్స్ అండ్ ఇడియమ్స్’ అను గ్రంథమున కనిపించును. ఆ పేరును తనకు సూచించినవాడు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకులలో ఒకడైన హెన్రీ బ్రాడ్లీ అని స్మిత్ తెలిపెను. అనగా, ఇంగ్లీషువారికే ఈ జాతి క్రియలకు తగిన పేరు కుదురుటకు చాల కాలము పట్టినదన్నమాట.

ఇది పరాయి భాషలోని వింత యని మనము తలచుటకు వీలు లేదు. మన తెలుగునే చూడుడు. ‘కనబడు’ అందుము. ఎవరు పడిరి? ఎక్కడ పడిరి? ఎవరును పడలేదు. ‘పొలము అమ్ముడుపోయినది’ అందుము. పొలము ఎక్కడికిని పోలేదు, ఉన్నచోటనే ఉన్నది. ‘బయటపడు’, ‘తేటపడు’, ‘ఊడిపడు’ అను మాటలన్నిటను ‘పడు’ కలదు. పడుట మాత్రము లేదు. మన భాష నేర్చుకొనవచ్చిన విదేశీయుడు ‘కనబడు’ అను మాటను రెండుగా విరిచి, ‘చూచి క్రిందపడుట’ అని అర్థము చెప్పుకొనినచో మనము నవ్వుదుము. టర్న్ అప్ అను మాటను విరిచి మనము చేయుచున్న పనియు అట్టిదే.

అయినను, రెండు మాటలును కలిసి ఈ అర్థమునకు ఎట్లు వచ్చినవో కొంత ఊహింపవచ్చును. టర్న్ అను మాట లాటిను నుండి ఇంగ్లీషునకు వచ్చినది. దానికి మూలమైన గ్రీకు పదము, కొయ్యను గుండ్రముగా చెక్కు తరిమెనను, అనగా నేడు మనము లేతు అనెడి యంత్రమును తెలుపును. అప్ అచ్చమైన ఇంగ్లీషు మాట. ఈ రెండును నిజముగానే కలిసి పనిచేయు చోటొకటి మన పెద్దలు ఎరుగుదురు. అది కిరసనాయిలు లాంతరు. లాంతరు ప్రక్కనున్న చిన్న చక్రమును త్రిప్పినచో వత్తి పైకి లేచును. త్రిప్పుటయు ఉన్నది, పైకి వచ్చుటయు ఉన్నది. వెలుగు పెరిగినది. ‘టర్న్ అప్ ది ల్యాంప్’ అన్నచో అక్షరాల అదే.

తరువాత రేడియో వచ్చినది. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ ఆకాశవాణి కేంద్రము ప్రసారములు ప్రారంభించిన పిదప, ఇండ్లలో రేడియో మీటను త్రిప్పి ధ్వని పెంచుట నిత్యకృత్యమైనది. ఇక్కడ త్రిప్పుట ఉన్నది గాని, పైకి లేచు వత్తి లేదు. ధ్వని పెరుగుటనే పైకి వచ్చుటగా భావించినారు. నేడు సెల్‌ఫోనులో పాట వినువాడు మీటను త్రిప్పుటయు లేదు, అంచునున్న బొత్తామును నొక్కును, లేదా తెరపై వ్రేలితో రాయును. త్రిప్పుట పోయినది, వత్తి ఎన్నడో పోయినది. ‘టర్న్ అప్’ మాత్రము మిగిలినది. వస్తువు మారినను మాట మారకుండుట భాషల స్వభావము.

ఇది మొదటి అర్థము: వెలుగు, వేడి, ధ్వని మొదలగువానిని హెచ్చించుట. దీనికి విరుద్ధము టర్న్ డౌన్. ఇందు ఎవరో ఒకరి చేయి పనిచేయవలెను. రేడియో తనంతట తాను ధ్వని పెంచుకొనదు.

రెండవ అర్థము మనుష్యుల రాకకు సంబంధించినది. రాత్రి భోజనములు ముగిసి, వంటిల్లు కడిగిన పిమ్మట, పడుగుపాడు స్టేషనులో బండి దిగిన చుట్టము సంచి భుజమున వేసికొని వాకిట నిలిచెననుకొనుడు. ఇంటివారు, “యాడనుంచి ఊడిపడ్డావు నాయనా, ఇంత పొద్దుపోయినాక!” అందురు. ఆ ‘ఊడిపడుట’యే టర్న్ అప్. చెప్పి వచ్చినవాడు అరైవ్ అగును. చెప్పక వచ్చినవాడు టర్న్ అప్ అగును. ఇందు నింద లేదు. ప్రేమయు ఉండవచ్చును, విసుగును ఉండవచ్చును, రెండును కలసియు ఉండవచ్చును. తెలుగులో ఊడిపడు, దిగబడు, తేలు అను మాటలకు ఉన్న చనువే దీనికిని ఉన్నది.

ఇక్కడ ఒక సూక్ష్మము గమనింపదగును. ‘అతడు టర్న్ అప్ అయ్యెను’ అన్నచో అతనికొరకు ఎవరును ఎదురుచూడలేదని తరచుగా భావము. కాని ‘అతడు టర్న్ అప్ కాలేదు’ అన్నచో భావము తలక్రిందులగును. అతనికొరకు ఎదురుచూచినారు, వచ్చుననుకొనినారు, కబురైనను పంపక అతడు మానివేసినాడు. సమావేశమునకు నలువదిమందిని పిలిచి పండ్రెండుమందిని చూచిన కార్యదర్శి ‘తక్కినవారు టర్న్ అప్ కాలేదు’ అని నిట్టూర్చును. మన ఊళ్లలో ‘పత్తా లేడు’ అనుట ఇదియే. ఒకే మాట, వచ్చిన వానియెడ ఆశ్చర్యమును, రాని వానియెడ కినుకను తెలుపును.

మూడవ అర్థము పోయిన వస్తువులకు సంబంధించినది. తాళపుచెవి కనబడదు. ఇల్లంతయు వెదకుదుము. ఇంటిలోని ముసలమ్మ, “దొరుకుతుందిలే, యాడికి పోతుంది!” అనును. ఇంగ్లీషు ముసలమ్మ ‘ఇట్ విల్ టర్న్ అప్’ అనును. రెండు దినముల పిదప బియ్యపు డబ్బాలోనో, ఉతుకవలసిన చొక్కా జేబులోనో తాళపుచెవి బయటపడును. వెదకినపుడు దొరకినదానిని ఫౌండ్ అందురు. వెదకుట మానిన పిమ్మట తానై బయటపడినదానిని టర్న్‌డ్ అప్ అనుట సొగసు. మన ముసలమ్మ వాడిన ‘లే’ అను ఒక్క అక్షరములో ఉన్న ఊరడింపు ఆ ఇంగ్లీషు వాక్యములో అంతయు ఇమిడియున్నది.

నాలుగవ అర్థమే మన కుర్రవానిని మోసగించినది. అవకాశము, పని, వార్త మొదలగునవి అనుకొనకుండ తటస్థించుట. ‘సమ్‌థింగ్ విల్ టర్న్ అప్’ అన్నచో, ఏదో ఒకటి రాకపోదులే అని అర్థము. ఛార్లెస్ డికెన్సు 1849-50 సంవత్సరములలో భాగములుగా ప్రకటించిన ‘డేవిడ్ కాపర్‌ఫీల్డ్’ నవలలో మికాబర్ అను పాత్ర కలదు. అప్పులలో మునిగియుండియు, ఏదో ఒకటి టర్న్ అప్ అగునని ఎల్లప్పుడును ఎదురుచూచుచుండుటయే అతని స్వభావము. అప్పులవారు అతనిని చెరసాలలో పెట్టించిరి, ఏమియు రాలేదు. తుదకు ఓడయెక్కి ఆస్ట్రేలియాకు పోయి, అక్కడ కష్టపడి బాగుపడెను. నేటికిని ఊరక ఎదురుచూచువానిని ఇంగ్లీషువారు మికాబర్ అని పరిహసింతురు. ఆ నవల ఇంతకాలము నిలుచుటకు గల కారణములలో, మనలో ప్రతివానిలోను మికాబర్ కొంత యుండుటయు ఒకటి కావచ్చును.

ఐదవ అర్థము నేలకు సంబంధించినది. ఇది మా కోవూరివంటి వరిపొలముల ఊరికి మిక్కిలి దగ్గర. నాగలిని మా వైపు మడక అందురు. మడక దున్నునపుడు క్రింది మన్ను పైకి తిరుగబడును. ఆ మన్నుతో కూడ పాతకాలపు పెంకో, రాయో, ఒక్కొక్కప్పుడు మరేదో పైకి వచ్చును. దీనికిని టర్న్ అప్ అనియే పేరు. ఇక్కడ మడక మంటిని టర్న్ అప్ చేసినది. మంటిలోని వస్తువు టర్న్ అప్ అయినది. రెండర్థములును ఒక్క చాలులో కలిసినవి.

ఇందుకు నెల్లూరి సీమయే గొప్ప నిదర్శనము. 18వ శతాబ్ది చివర, నెల్లూరి సమీపమున, ఒక రైతు రాతిగుట్ట ప్రక్కన దున్నుచుండగా నాగలి ఇటుక కట్టడమునకు తగిలి నిలిచిపోయెను. అతడు త్రవ్వి చూచెను. ఒక చిన్న దేవాలయపు శిథిలములు బయటపడెను. వాని అడుగున ఒక చిన్న కుండ. ఆ కుండలో రోమను నాణెములు. రైతునకు అవి పాత బంగారము మాత్రమే. అమ్ముకొనెను. పెక్కు నాణెములు కరగిపోయెను. మిగిలినవానిలో ముప్పదికి పైగా నవాబు అమీరుల్ ఉమరా సంపాదించి కాపాడెను. వానిలో ట్రాజను, హేడ్రియను చక్రవర్తుల పేరను, ఫాస్టినా రాణి పేరను ముద్రింపబడినవి కలవు. కొన్ని అప్పుడే టంకశాల నుండి వచ్చినట్లు ఉండెననియు, కొన్నింటికి నగలుగా ధరించుటకై కాబోలు రంధ్రములు పొడిచియుండెననియు, అలెగ్జాండర్ డేవిడ్‌సన్ మద్రాసునుండి 1787లో వ్రాసిన లేఖ తెలుపుచున్నది. ఆ లేఖ కలకత్తా ఏషియాటిక్ సొసైటీవారి ‘ఏషియాటిక్ రిసర్చెస్’ రెండవ సంపుటమున అచ్చయినది. సుమారు పదునారు వందల యేండ్లు నేలలో ఉండి, క్రీస్తుశకము రెండవ శతాబ్దిలో రోముతో మన తీరమునకు గల వర్తకమునకు సాక్ష్యమై, ఆ నాణెములు ఒక రైతు నాగలికి టర్న్ అప్ అయినవి.

ఈ కథలో మన మాటకు గల హృదయము కనబడుచున్నది. రైతు బంగారమునకై దున్నలేదు, చేనికై దున్నెను. బంగారము వచ్చునని అతనికి ఎవరును చెప్పలేదు. అందుకే అది ‘టర్న్ అప్’. ఈ మాటను రాకకు గాని, దొరకుటకు గాని, తటస్థించుటకు గాని వాడినపుడు, అందులో ఎవరి పూచీయు ఉండదు. ఎవరును మాట యియ్యలేదు. ఎవరును ముహూర్తము పెట్టలేదు. వచ్చినచో వచ్చును. అర్థములు ఎన్ని ఉన్నను, ఈ ఒక్క సంగతి గుర్తుంచుకొనినచో చాలవరకు పొరపాటు రాదు.

ఇక వాడుక సంగతి. ఇందుకు మన తెలుగే మనకు కొలబద్దనిచ్చుచున్నది. ఇంగ్లీషు క్రియలను మన మాటలలో కలుపుకొనునపుడు, తమంత తాము జరుగువానికి ‘అగు’ అను క్రియను, మనము జరిపించువానికి ‘చేయు’ అను క్రియను చేర్చుదుము. ‘మీటింగుకు ఎవ్వరూ టర్నప్ కాలా’ అందుము, ‘సౌండు టర్నప్ చెయ్యి’ అందుము. వ్యాకరణము చదువని పిల్లవాడును ఇందు తప్పడు. ‘అగు’ చేరు చోట్ల, ఇంగ్లీషులో ఈ క్రియకు కర్మ ఉండదు. కనుక ‘అతడు వచ్చెను’ అనుటకు ‘హి వాజ్ టర్న్‌డ్ అప్’ అనరాదు. ‘హి టర్న్‌డ్ అప్’ అనియే అనవలెను. ‘చేయు’ చేరు చోట్ల కర్మ ఉండును. ఆ కర్మను రెండు మాటల తరువాతనైనను, నడుమనైనను ఉంచవచ్చును. ‘టర్న్ అప్ ది రేడియో’ అనియు, ‘టర్న్ ది రేడియో అప్’ అనియు రెండును సాధువులే. కాని రేడియో అను మాటకు బదులు ‘ఇట్’ అను సర్వనామము వచ్చినచో అది నడుమనే ఉండవలెను. ‘టర్న్ ఇట్ అప్’ అనవలెనే గాని, ‘టర్న్ అప్ ఇట్’ అనరాదు.

మడుచుట అను అర్థమును ఇక్కడనే చెప్పుకొనవచ్చును. పంట్లాము పొడవైనచో అంచును పైకి మడిచి కుట్టుటయు టర్న్ అప్ చేయుటయే. ఇక ‘టర్న్ అప్ వన్స్ నోస్’ అన్నచో తిరస్కారముతో చూచుట. ఇంగ్లీషువాడు ముక్కును పైకి త్రిప్పును. మనము మూతి విరుచుదుము. అవయవము వేరైనను అహంకారము ఒక్కటే.

టర్న్ అప్ తోబుట్టువులతో కొంత జాగ్రత్త వలయును. టర్న్ ఔట్ అను మాట వేరు. ‘ఇట్ టర్న్‌డ్ ఔట్ దట్’ అన్నచో తీరా చూడగా ఇట్లు తేలినది అని అర్థము. ఎన్నికలలో ఓటు వేసినవారి లెక్కను టర్నౌట్ అందురు గాని టర్నప్ అనరు. టర్న్ డౌన్ అనగా ధ్వని తగ్గించుట అని పైన చెప్పితిమి. దరఖాస్తు విషయమున మాత్రము దానికి తిరస్కరించుట అని అర్థము. మన కుర్రవాని జాబులో టర్న్ డౌన్ అని వ్రాసియుండినచో, ఆ నాడు ఇంటిలో బాధ కలిగియుండును గాని, మూడు నెలలు మిగిలియుండును, మిల్లులోని పనియు మిగిలియుండును. మర్యాదకై వాడిన మెత్తని మాట, భాష చాలనివానికి గట్టి మాట కంటె ఎక్కువ నష్టము చేయుట కలదు. అట్టి జాబులు వ్రాయు స్థానములలో మనవారు ఇప్పుడు ఎందరో ఉన్నారు. పల్లెలకు పోవు జాబులలో ‘ఖాళీ లేదు, వేరుచోట ప్రయత్నింపుడు’ అని తేటగా వ్రాయుట నిజమైన మర్యాద యని వారికి మా విన్నపము.

చివరిగా, ఈ మాటను ఎక్కడ వాడవచ్చును, ఎక్కడ వాడరాదు? ఇది చనువు మాట. స్నేహితుల నడుమ, ఇంటిలో, మాటలలో హాయిగా వాడవచ్చును. ఇంగ్లాండులో కొన్ని సభలకును ఆటలకును ‘జస్ట్ టర్న్ అప్’ అని ప్రకటింతురు. ముందుగా పేరు నమోదు అక్కరలేదు, నేరుగా రండు అని దాని భావము. అమెరికాలో ఉన్న మన పిల్లలు రాక విషయమున ‘షో అప్’ అను మాటనే ఎక్కువగా విందురు. రెండును ఒకే కోవకు చెందినవి. కాని అధికారికి వ్రాయు జాబులో ‘సోమవారము నేను టర్న్ అప్ అగుదును’ అని వ్రాసినచో, వచ్చినచో వచ్చెదను అను నిర్లక్ష్యము ధ్వనించును. అక్కడ ‘ఐ షల్ బి ప్రెజెంట్’ అనియో, ‘ఐ షల్ అటెండ్’ అనియో వ్రాయుట ఉచితము. అందులో మాట యిచ్చుట కలదు. పెండ్లి శుభలేఖలో పెద్దలను ‘ఊడిపడుడు’ అని పిలువము గదా!

ఒక చిన్న అభ్యాసమును సూచించెదము. ఇట్టి జంటక్రియ ఎదురైనపుడు పిల్లలు దానిని రెండుగా విరువక, మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఎవరు చేయుచున్నారు? తమంత తాముగా జరిగినదా, ఒకరు జరిపించినదా? ఇందులో ఎవరైనను మాట యిచ్చినారా? ఈ మూడింటికి బదులు దొరకినచో అర్థము తొంబదిపాళ్లు దొరకినట్లే. తక్కిన పదిపాళ్లకు నిఘంటువులో టర్న్ అను మాటను గాక, టర్న్ అప్ అను జంటను వెదకవలెను. మంచి నిఘంటువులలో అది ఉండును.

మన కుర్రవాని కథ ముగింపక పోరాదు. జాబు భావము తెలిసిన మరునాడే తండ్రీకొడుకులు మిల్లునకు పోయిరి. ఆ పని అప్పటికే మరియొకనికి దక్కెను. కుర్రవాడు ఆ కారు తండ్రితో పొలములో పనిచేసెను. రాత్రులు దరఖాస్తులు వ్రాసెను. వ్రాసిన ప్రతి దరఖాస్తును, వచ్చిన ప్రతి జాబును మాకు చూపించెను. రెండవ యేడు వేరొక ఊరిలో చిన్న ఉద్యోగము దొరకెను. నియామకపు ఉత్తరము వచ్చిననాడు అతడు దానిని మా ముందుంచి, “ఇందులో పూచీ ఉండాదా, సూడండి” అని నవ్వెను. ఉన్నది. తేదీ ఉన్నది, జీతము ఉన్నది, చేవ్రాలు ఉన్నది. అతని తండ్రి చదువరి కాకపోయినను, ఆ కాగితమును చాలసేపు చేతిలోనే పట్టుకొని కూర్చుండెను.

అది టర్న్ అప్ అయినదా, సంపాదింపబడినదా అని మేము అప్పటినుండి ఆలోచించుచునే ఉన్నాము. రెండును కొంత నిజమే కావచ్చును. నాగలి కదలని చేనిలో నాణెము బయటపడదు.

శ్రోతలారా, మా ప్రసంగము ముగిసినది. ఇక రేడియోను టర్న్ అప్ చేయుదురో, టర్న్ డౌన్ చేయుదురో, మీటయు మీ చేతిలోనే ఉన్నది, మాటయు మీ చేతిలోనే ఉన్నది. సెలవు.